మా వాడు క్వార్టర్‌బ్యాక్ లెక్కల్లో మునిగిపోయాడు, ఇది చదువేనా?

ప్రశ్న: మాది గుంటూరు. పద్దెనిమిదేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. బాబు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు పదకొండో తరగతి. మ్యాథ్స్ బాగానే చేస్తాడు. ఏడాదిగా అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. తను ఆడడు. ఎవరు గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని స్నేహితులతో ఫోన్లో గంటల తరబడి వాదన, పక్కన ఎక్సెల్ షీటు. కంప్యూటర్ సైన్స్ వద్దు, స్పోర్ట్స్ అనలిటిక్స్ చదువుతానంటున్నాడు. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. దీనికి ఉద్యోగాలుంటాయా అండీ?

జవాబు: డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊళ్లో ఉంటూ ఆ పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలండీ. ఉద్యోగాల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ వాడు దేని మీద వాదిస్తున్నాడో మీకు తెలియాలి.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, విసరాలా, పక్కవాడికివ్వాలా, తానే పరిగెత్తాలా అని రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు. వీళ్లకి మార్కులు వేయడానికి అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 1973 నుంచి పాసర్ రేటింగ్ అనే లెక్క వాడుతోంది. విసిరినవాటిలో ఎన్ని అందాయి, ఒక్కో త్రోకి సగటున ఎన్ని గజాలొచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్లయ్యాయి (అంటే బంతి అవతలి చివరి గీత దాటింది), ఎన్నిటిని అవతలి జట్టు పట్టేసుకుంది (ఇది ఇంటర్‌సెప్షన్). ఈ నాలుగే. ఒక్కోదానికి గరిష్ఠం 2.375. నాలుగూ కూడి, ఆరుతో భాగించి, వందతో గుణిస్తారు. అందుకే ఇందులో ఫుల్ మార్కులు వంద కాదు, 158.3.

ఒక కాగితం తీసుకోండి. ఒకడు పది బంతులు విసిరాడు, పదీ నేలమీదే పడ్డాయి. మొదటి మూడు లెక్కలకీ సున్నా. అవతలివాళ్లు ఒక్కటీ పట్టుకోలేదు కాబట్టి నాలుగోదానికి పూర్తి 2.375. ఆరుతో భాగించి వందతో గుణించండి: 39.6. ఏమీ చేయనివాడికి నలభై! మన ఇంటర్లో అయితే పాసయిపోయాడు.

ఇంకా పెద్ద చిక్కు, ఈ లెక్కకి కనపడనివి. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేస్తే దాన్ని శాక్ అంటారు. అది ఇందులో లేదు. తానే పరిగెత్తి చేసిన టచ్‌డౌన్ కూడా లేదు. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని చూడండి. 2024 సీజన్‌లో లమార్ జాక్సన్ 41 టచ్‌డౌన్లకి విసిరాడు, నాలుగే పోగొట్టుకున్నాడు, రేటింగ్ 119.6. జోష్ ఆలెన్‌వి 28 టచ్‌డౌన్లు, ఆరు పోగొట్టుకున్నవి, రేటింగ్ 101.4. ఓట్లేసి ఇచ్చే ఎంవీపీ, అంటే సీజన్ మేటి ఆటగాడి అవార్డు, మాత్రం ఆలెన్‌కి ఇచ్చారు. అతను పరుగుతో ఇంకో 12 టచ్‌డౌన్లు చేశాడు, సీజన్ మొత్తంలో 14 సార్లే శాకయ్యాడు. జాక్సన్ 23 సార్లు. అలాగని జాక్సన్ పరిగెత్తలేదా అంటే, 915 గజాలు పరిగెత్తాడు. ఓటేసినవాళ్లే ఆల్-ప్రో (ఏడాది మేటి ఆటగాళ్లని ఏరి కూర్చే జాబితా) మొదటి జట్టులో జాక్సన్‌ని పెట్టారు! పెద్దవాళ్లకే తేలనప్పుడు పదహారేళ్ల పిల్లలు రాత్రి పదకొండింటి దాకా కొట్టుకోరా?

ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. ఛేజింగ్‌లో చివరి ఓవర్లో పదహారు కావాలి. అప్పుడు తీసిన సింగిల్, మొదటి ఓవర్లో తీసిన సింగిల్ ఒకటేనా? స్కోరు బోర్డు మీద రెండూ ఒకటే. ఫుట్‌బాల్లోనూ అంతే. ఇక్కడ బంతి చేతిలో ఉండాలంటే నాలుగు ప్రయత్నాల్లో కావాల్సినన్ని గజాలు ముందుకెళ్లాలి. పన్నెండు గజాలు కావాల్సిన చోట ఎనిమిది తెస్తే రేటింగ్ మెచ్చుకుంటుంది, జట్టు మాత్రం చాలాసార్లు బంతి వదులుకోవాల్సి వస్తుంది. రెండు గజాలు కావాల్సిన చోట మూడు తెస్తే ఆట నిలబడుతుంది. అందుకని ఒక్కో ప్లేకి (ఒక్కో ప్రయత్నానికి) ముందు ఆ జట్టు ఎన్ని పాయింట్లు సాధించే వీలుంది, ప్లే అయ్యాక ఎన్నికి మారింది అని లెక్కేస్తారు. ఆ తేడానే ఈపీఏ అంటారు. దీనికి మూలమైన పరిశోధన పత్రం 1971లో వచ్చింది. రాసిన ఇద్దరిలో ఒకరు వర్జిల్ కార్టర్, అప్పటికి సిన్సినాటి బెంగాల్స్‌లో ఆడుతున్న క్వార్టర్‌బ్యాకే. ఆటగాడే కూర్చుని లెక్క రాశాడని వాళ్లమ్మగారికి చెప్పండి.

2011లో ఈఎస్‌పీఎన్ ఈ దారిలోనే క్యూబీఆర్ అని సున్నా నుంచి వంద దాకా ఒక కొలత తెచ్చింది. పరుగు, శాకులు అన్నీ కలిపారు. కానీ లెక్క మొత్తం బయటపెట్టలేదు. చేసి చూసుకోలేని లెక్కని నేనైతే సగమే నమ్ముతాను. పైగా ఏ లెక్క వేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: బంతి అందితే గొప్పతనం విసిరినవాడిదా, పట్టినవాడిదా, ముందు నిలబడి అడ్డుకున్న ఐదుగురిదా? ఈ వాటాల తగువు ఫుట్‌బాల్‌తో పోయేది కాదు. అమ్మకాలు పెరిగితే ప్రకటన వల్లా, పండగ వల్లా అని కంపెనీలో అడిగేదీ, జబ్బు తగ్గితే మందు వల్లా, దానంతటదేనా అని ఆస్పత్రిలో అడిగేదీ ఇదే.

బాబూ, ఈ పేరా నీకు. వాదన ఆపమనను, పరీక్ష పెట్టమంటాను. ఎన్‌ఎఫ్‌ఎల్‌ఫాస్ట్‌ఆర్ అనే ప్యాకేజీతో 1999 నుంచి ప్రతి ప్లే డేటా ఉచితంగా దొరుకుతుంది. ఎక్సెల్ దానికి చాలదు, ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష ఈ సెలవుల్లో నేర్చుకో. ప్రతి సీజన్ మొదటి ఎనిమిది ఆటలకి మూడు కొలతలు కట్టు. ఒకటి పాసర్ రేటింగ్. రెండోది ఈపీఏ. మూడోదానికి, గజాలకి టచ్‌డౌన్‌కి 20 చొప్పున కలుపు, ఇంటర్‌సెప్షన్‌కి 45 చొప్పున తీసెయ్, శాకుల్లో పోయిన గజాలూ తీసెయ్, త్రోలు, శాకులు కలిపి భాగించు. ఆ మూడిటిలో ఏది మిగతా సీజన్‌ని బాగా ఊహించిందో చూడు. నీకిష్టమైన కొలత ఓడిపోతే అదీ రాయి. కాలేజీ అప్లికేషన్‌కి నువ్వు పెట్టదగ్గది అదే. తర్వాత బిగ్ డేటా బౌల్ అని ఎన్ఎఫ్ఎల్ ఏటా పెట్టే పోటీ ఉంది. ఆటగాళ్ల షోల్డర్ ప్యాడ్లలోని చిప్‌లు సెకనుకి పదిసార్లు వాళ్లెక్కడున్నారో చెబుతాయి. ఆ డేటా మీద పని చేయాలి.

మళ్లీ మీకు. ఉన్నవి 32 జట్లు. ఒక్కోదాంట్లో ఈ పనికి పెట్టుకునేది కొద్దిమందిని. క్యూ మాత్రం తిరుపతి క్యూ. సీజన్‌లో శని, ఆదివారాలుండవు. ఇదే నైపుణ్యానికి టెక్ కంపెనీ మామూలుగా ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. అందుకని నా సలహా: మేజర్ స్టాటిస్టిక్స్, పక్కన కంప్యూటర్ సైన్స్ మైనర్. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో స్పోర్ట్ అనలిటిక్స్ మేజరే ఉంది. అక్కడ సీటొస్తే స్టాటిస్టిక్స్‌తో కలిపి డబుల్ మేజర్ చేయనివ్వండి. అదొక్కటే పట్టుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. స్టాటిస్టిక్స్ ఉంటే జట్టు పిలవకపోయినా ఇన్సూరెన్స్ కంపెనీ, బ్యాంకు, ఫార్మా పిలుస్తాయి. ఇక్కడే పుట్టాడు కాబట్టి వీసా గోలా లేదు.

ఈ ఆదివారం ఆట చూస్తున్నప్పుడు పక్కన కూర్చుని, "ఇప్పుడు శాకయ్యాడు కదరా, రేటింగ్ తగ్గిందా?" అని ఒక్కసారి అడగండి. గంట పడుతుంది. ముందే కాఫీ పెట్టుకుని కూర్చోండి.