విత్తనం కాదండీ, ఎక్కడ ఆరబోస్తారో అడగండి

"చిన్న రైతుకు ఏ హైబ్రిడ్ మొక్కజొన్న వేస్తే గిడుతుంది, దాంతో ఆహార భద్రత పెరుగుతుందా" అని అడిగారు. ఏళ్లుగా ఈ పంటే వేస్తున్నాం కాబట్టి చెప్తున్నా: విత్తనం సంగతి తర్వాత. మాకు పోయేదంతా కండెలు విరిచాకే పోతుంది.

కోత కోసేటప్పుడు గింజలో తేమ 20–25 శాతం దాకా ఉంటుంది. కొనేవాళ్లు 14 ఉండాలంటారు. ఆ తేడా ఎండలోనే పోవాలి. దానికి చోటు కావాలి, పరదాలు కావాలి, వాన పడని రోజులు కావాలి. ఉన్న చెక్కంతా పైరు పెట్టుకునే వాడికి కల్లం ఎక్కడిది? రోడ్డు మీద పోస్తాం, వచ్చేపోయేవాళ్ల చేత తిట్లు తింటాం.

ఓ ఏడు అలా పోసిన గింజ మీద రాత్రి వాన పడింది. పైన పరదా కప్పాం గానీ నీళ్లు కింద నుంచి పారాయి. తెల్లారి కుప్పలో చెయ్యి పెడితే అడుగున వేడి, పుల్లటి వాసన. తిరగేసి ఆరబోస్తుంటే వ్యాపారి వచ్చాడు. పైగింజ ముట్టుకోలేదు. అడుగు నుంచి పిడికెడు తీసి మీటర్లో పోస్తే 18 చూపించింది. లెక్క మీరే వేయండి, 18 శాతం తేమున్న క్వింటా 14కి ఆరితే తగ్గేది 5 కిలోల లోపే. ఆయన తీసిన తరుగు దానికి రెట్టింపు. ఇష్టం లేకపోతే ఇంకోడికి అమ్ముకోమన్నాడు. మళ్లీ మబ్బు పట్టింది, ఇచ్చేశాం.

ఆహార భద్రత అన్నారుగా, అదీ ఈ తేమ దగ్గరే తేలుతుంది. తడి గింజకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ చేరుతుంది, వండినా ఆ విషం పోదు. 2004లో కెన్యాలో అలాంటి మొక్కజొన్న తిని 300 మందికి పైగా జబ్బున పడితే 125 మంది చనిపోయారు. ఎకరాకు ఇంత దిగుబడి అని ఊదరగొట్టేవాళ్లు ఆరబెట్టే యంత్రం మాట ఎత్తరు.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తా. 2016లో ఆఫ్రికాలో, 2018లో భారత్‌లో బయటపడింది. మొక్క నడిమి ఆకుల సుడిలో దూరి కూర్చుంటుంది, ఆకుల మీద కొట్టిన మందు దానికి తగలదు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే, సాయంత్రం పూట, సుడిలో పడేలా కొట్టాలి. మందు అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు, ఇంకో డబ్బా చేతిలో పెడతాడు.

ఇక మీ హైబ్రిడ్. మొక్క పైన జల్లు (మగపూత), కండెకు పీచు వచ్చే దశలో తడి ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైన విత్తనమైనా కండె నిండదు. మీ దగ్గర వానలు ఎప్పుడు ఆగుతాయో చూసుకుని, కోత ఆ తర్వాత పడే రకం తీసుకోండి. కంపెనీ పేరు మాత్రం నన్ను అడక్కండి.