18.83 ఎంచుకున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ మోడల్ రైళ్ల ఓఓ ట్రాకంతా పీకేసి, అసలు కొలతలకి దగ్గరగా ఉండే పీ-ఫోర్‌కి మారుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, వెంటనే గుబులూ పుట్టింది. అడుగుకి 4 మి.మీ. స్కేల్‌లో బ్రిటిష్ రైలు గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 18.83 మి.మీ. రావాలి, ఓఓలో ఉన్నది 16.5. ఆ ఇరుకు నీ కంటికి ఆనినందుకు గర్వంగానే ఉంది. కాజీపేటలో ఇంజన్ని వదిలేసి పాయింట్లు, అంటే దారి మార్చే పట్టాలు, మారడం చూసిన పిల్లాడివి మరి. గుబులు అమ్మ చెప్పిన రెండో మాటకి: ఉన్న చక్రాలనే ఇరుసు మీద బయటికి జరుపుతావట. వద్దురా.

పీ-ఫోర్ అంటే 18.83 ఒక్కటే కాదు. గేజ్, ఫ్లాంజ్ (చక్రం లోపలి వైపు దిగే అంచు), చక్రాల బ్యాక్-టు-బ్యాక్, చెక్ రైల్ (చక్రం పక్కకి జరగకుండా పట్టా పక్కన పెట్టే రైలు ముక్క) సందు అన్నీ ఒకే లెక్కలో పుట్టినవి. బ్యాక్-టు-బ్యాక్, అంటే చక్రాల వెనక ముఖాల మధ్య దూరం, 17.67 నుంచి 17.75. ఫ్లాంజ్ మందం 0.4 మించకూడదు. రెండూ కలిపితే 18.15. క్రాసింగ్ ముక్కు (రెండు దారుల పట్టాలు కలిసే మొన) నుంచి ఎదుటి చెక్ రైల్ దాకా ఉండాల్సిన దూరం, అంటే చెక్ గేజ్, సరిగ్గా అంతే. నీ పాత చక్రాలు ఆర్‌పీ-25 కోడ్ 110 అనే రకమైతే ఫ్లాంజ్ 0.76 దాకా ఉంటుంది. 17.75కి జరిపితే మొత్తం 18.51, ఫ్లాంజ్ నేరుగా ముక్కుకి గుద్దుకుంటుంది. తగలకుండా 17.39కి దగ్గర చేస్తే చెక్ రైల్‌కీ ముక్కు పక్కనుండే వింగ్ రైల్‌కీ మధ్య 17.47 ఉంది కదా, అక్కడ బిగుసుకుంటుంది. ఎక్కడ పెట్టినా కుదరదు.  డబ్బు దాచాలంటే ఇంజన్లు తగ్గించుకో, చక్రాలు మాత్రం పీ-ఫోర్‌వే కొను.

స్లీపర్లు పరవడం, రైలు పట్టాలు అతికించడం నీకు తెలిసినవే. చెయిర్లు, అంటే పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే ముక్కలు, అతికించే జిగురు వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచు, పాప ఆ గదిలో ఉండకూడదు.

ఇక అసలు సంగతి. ఎంతోమంది చేసిన పాత తప్పు ఒకటుంది, నువ్వూ అదే చేస్తావని భయం. చెక్ రైల్‌ని దాని పక్కనున్న పట్టా నుంచి కొలిచి అతికిస్తారు. చేతికందిన అట్టముక్క సందులో పెట్టి టంకం వేసేస్తారు. ఆ ముక్క 0.9 ఉందనుకో, చెక్ గేజ్ 17.93కి పడిపోతుంది. చక్రానికి 18.15 కావాలి, ఆ తేడా అంతా ముక్కు మీద పడుతుంది. వ్యాగన్ ఎగిరిపడుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఆకురాయి తీసి ముక్కుని అరగదీస్తాడు. ముక్కు వెనక్కి పోయిన కొద్దీ సందు పెరిగి, 2 మి.మీ. వెడల్పు చక్రం అందులోకి దిగిపోతుంది. తప్పు చెక్ రైల్‌ది, శిక్ష ముక్కుకి.

వంపులో ఇంకా మోసం. మూడు కాళ్ల గేజ్ పనిముట్టు పెడతావు, రెండు కాళ్లు బయటి పట్టా మీద, ఒకటి లోపలి పట్టా మీద. అది వంపుని బట్టి గేజ్‌ని కొంచెం వెడల్పు చేస్తుంది, అలాగే చేయాలి. గేజ్ 19.03 అయిందనుకో. పక్క పట్టా నుంచి పీ-ఫోర్ సందు 0.68 అని పద్ధతిగానే పెట్టినా చెక్ గేజ్ 18.35 అవుతుంది, వింగ్ రైల్ దాకా 17.67. నీ చక్రాల్లో ఇరుకైనవి అక్కడే నిలబడిపోతాయి. అదే ముక్కు నుంచి 18.15 కొలిచి పెడితే పక్క పట్టా వైపు సందు 0.88 అవుతుంది. కానివ్వు, అది కంటికి ఎక్కువనిపించినా చక్రానికి అదే సరి. ముందు ముక్కు, తర్వాత 0.68 సందుతో వింగ్ రైళ్లు, చివరికి చెక్ గేజ్ పనిముట్టుతో చెక్ రైళ్లు. ఈ వరుస మార్చకు.

ఫ్లాంజ్ లోతు కూడా దాదాపు 0.4 మి.మీ.నే కాబట్టి ట్రాక్‌లో చిన్న మెలిక ఉన్నా బిగుసు చట్రం మీద నాలుగో చక్రం గాల్లో తేలుతుంది. అందుకే వ్యాగన్‌కి ఒక ఇరుసు కదలకుండా, రెండోది ఊగేలా కట్టు, లేదా స్ప్రింగులు పెట్టు. వంపు వ్యాసార్ధం 1200 మి.మీ.కి తగ్గనివ్వకు. మొదటి ఇంజన్‌గా గ్రేట్ వెస్టర్న్ పానియర్ ట్యాంక్ తీసుకో. దాని సిలిండర్లు లోపలుంటాయి. బయటి సిలిండర్ల ఇంజన్లో చక్రాలు వెలుపలికి జరిగేసరికి క్రాస్‌హెడ్ (పిస్టన్ కడ్డీ చివర జారే దిమ్మ) వెనక ముందు చక్రం క్రాంక్‌పిన్‌కి (కడ్డీ తగిలించే మేకుకి) చోటు చాలదు. ఆ కుస్తీ తర్వాత పడుదువు.

ఇదంతా భారమనిపిస్తే ఓఓకీ పీ-ఫోర్‌కీ మధ్యనుండే ఈఎమ్ పద్ధతికి వెళ్లు నాన్నా, నామోషీ ఏం లేదు. గేజ్ 18.2, బ్యాక్-టు-బ్యాక్ 16.5, సందు 1.0. బిగుసు చట్రం కూడా చక్కగా నడుస్తుంది. రెండింటినీ కలపడం మాత్రం ఒప్పుకోను. ఎప్పటికైనా మన బ్రాడ్‌గేజ్ చేయాలనిపిస్తే ఐదున్నర అడుగులు ఇదే స్కేల్‌లో 22 మి.మీ. అప్పుడూ ఈ ఫ్లాంజులు, ఈ సందులే పనికొస్తాయి. బ్యాక్-టు-బ్యాక్ 20.92 అవుతుంది, పొడవు ఇరుసులు చేయించుకోవాలి.

ఇంజన్ జోలికి పోకుండా ఒక బీ-6 సైజు పాయింట్, ఒక వ్యాగన్ ముందు చెయ్యి. వ్యాగన్ని వెనక్కి తోస్తూ, రెండు దారుల్లోనూ నడిపించు. ఎక్కడైనా ఎగిరితే ఆకురాయి ముట్టుకోకు. ముక్కు దగ్గర చెక్ గేజ్, ప్రతి ఇరుసుకీ మూడు చోట్ల బ్యాక్-టు-బ్యాక్ కొలిచి నాకు పంపు. మూడు చోట్లా ఒకే అంకె రాకపోతే చక్రం వంకరగా ఎక్కిందన్నమాట, తీసి మళ్లీ ఎక్కించు.

మీ మామయ్య