బ్రాయిలర్ కోడిని పెంచుకోవచ్చు, కడుపు నిండా మాత్రం పెట్టకండి

"జాతరలో మా పాప కొన్న తెల్ల కోడిపిల్ల బ్రాయిలరట, కోయకుండా పెంచితే బతుకుతుందా?" అని అడిగారు. బతుకుతుందండీ, మా ఇంట్లో బతికింది. కాకపోతే దాన్ని చంపేది ఎక్కువగా ముద్దు చేసేవాళ్లే, గిన్నె నిండా మేత పోసి.

ఆరు వారాలు తిరక్కుండానే రెండు కిలోలు దాటే జాతి అది. హార్మోన్ ఇంజెక్షన్లని వాట్సాప్‌లో తిప్పేవాళ్లతో వాదించీ వాదించీ నాకు విసుగొచ్చింది, అదంతా తరతరాలుగా ఏరి ఏరి జత కట్టించిన ఫలితం. కండ పెరిగినంత వేగంగా కాళ్లూ గుండే గట్టిపడవు. పిల్లల కోసం ఉంచే బ్రీడర్ కోళ్లకి కంపెనీలే మేత కొలిచి పెడతాయి, ఇక మనకెందుకు మొహమాటం? పెద్దదయ్యాక నేను రోజుకి 100 గ్రాములకి కాస్త అటూ ఇటూగా, రెండు పూటలు, పెరడంతా చల్లి ఏరుకు తినమనేదాన్ని, ఆ నాలుగడుగులైనా వేస్తుందని. ఆకుకూర ఎంతైనా పెట్టచ్చు. మా అత్తయ్యకి ఇది నచ్చేది కాదు. "ఏమ్మా, నోరులేని జీవాన్ని అట్లా మాడుస్తావు" అంటూ చాటుగా పెరుగన్నం పెట్టేది.

మాది ఖమ్మం. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వెళ్లి చూస్తే రెక్కలు దూరంగా చాపి, నోరు తెరుచుకుని నేలకి అంటుకుపోయి ఉంది. కోడికి చెమట పట్టదు కదా, వగర్చడమే పెద్ద దారి. దానికి తోడు తిన్నది అరుగుతుంటే ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది, ఫారాల వాళ్లు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మేత తీసేసేది అందుకే. పక్కింటాయన గోడ మీంచి చూసి "చచ్చాక దేనికీ పనికిరాదండీ, ఇప్పుడే కోయించండి" అన్నాడు. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే నవ్వాడు. గేదెకైతే ఇట్లాగే నవ్వుతారా? తడి గోనెపట్టా మీద కూర్చోబెట్టి, కాళ్లు తడుపుతూ, విసనకర్రతో విసురుతూ, కాసిన్ని నీళ్లు ముక్కు దగ్గర పెడుతూ కూర్చున్నా. పొద్దు వాలాక లేచింది, లేచి ముందు నా చీర మీద రెట్టేసింది. ఆ రోజుతో అత్తయ్య దానికి పెరుగన్నం పెట్టడం మానేసింది.

ఎత్తు మీద పడుకోనివ్వకండి, దూకితే కాళ్లు పోతాయి. కింద ఊక మందంగా పోసి, తడిసినప్పుడల్లా మార్చండి, లేకపోతే పాదాల అడుగున పుండ్లు పడతాయి. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించండి. నీళ్ల దగ్గరికి కూడా లేచి పోలేని స్థితి వస్తే మాత్రం పెంచుకున్నాం కదా అని ఈడ్చకండి, బాధ లేకుండా పంపించమని డాక్టరుని అడగండి, నవ్వినా సరే.

తోడుకి ఇంకోటి కొనేట్టుంటే జాతరలో రంగులద్ది అమ్మేవాళ్ల దగ్గర వద్దు, పాపం ఆ పిల్లల్లో సగం ఇంటికి చేరేసరికే వాలిపోయి ఉంటాయి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి కోసమే తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ అనే కోళ్లు ఉన్నాయి, వాటిని చూడండి. మేత మాత్రం విడివిడిగా పెట్టండి, లేకపోతే దాని వాటా కూడా మీ తెల్లదే తినేస్తుంది.