సముద్రపు జలగా? సముద్రపు నత్తా?

సందేహం: ఎర్ర సముద్రంలో తీసిన ఒక ఫొటో చూశాను. ఒంటిమీద నీలం, నలుపు చారలు, చుట్టూ నారింజ అంచు. కింద ‘క్రోమోడోరిస్ క్వాడ్రికలర్ అనే సముద్ర జలగ’ అని రాశారు. జలగ అనవచ్చా? అది ఉండే చోటును ‘నివాసం’ అనాలా, ‘ఆవాసం’ అనాలా?

సమాధానం: జలగ అనకూడదు. నీళ్లలో మెత్తగా, పొడుగ్గా కనిపించే ప్రాణికల్లా ఆ పేరు తగిలించేస్తున్నారు. సంస్కృత ‘జలూక’ నుంచి వచ్చిన ఈ మాటకు తెలుగులో స్థిరపడ్డ అర్థం నెత్తురు పీల్చే పురుగు. ‘జలగలా పట్టుకున్నాడు’ అన్నప్పుడు మనసులో మెదిలేది అదే. అది వానపాముకు చుట్టం, ఒళ్లంతా కణుపులు. మీరు చూసినదానికి కణుపులూ లేవు, నెత్తురుతో పనీ లేదు. అది స్పంజికలను (సముద్రపు అడుగున అంటిపెట్టుకుని ఉండే, ఒళ్లంతా రంధ్రాలున్న ప్రాణులను) తిని, వాటి విషాన్ని ఒంట్లో దాచుకుని శత్రువుల నుంచి కాపాడుకుంటుంది.

అది నత్త. గుల్ల లేనిది నత్త ఎలా అవుతుందంటారేమో. గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికీ చుట్ట తిరిగిన చిన్న గుల్ల ఉంటుంది. కొన్నాళ్లు నీళ్లలో ఈది, అడుగుకు చేరి స్థిరపడ్డాక దాన్ని వదిలేస్తుంది. పుట్టుక చెప్పే చుట్టరికాన్ని పేరు దాచకూడదు కదా! గుల్ల ఉన్నవాటి నుంచి వేరు చేయాలంటే ‘గుల్ల లేని సముద్రపు నత్త’ అనండి. ‘సముద్ర నత్త’ కన్నా ‘సముద్రపు నత్త’ మన నుడికారం. సముద్రపు ఒడ్డు, సముద్రపు గాలి అంటాం కదా.

వీటి పెద్ద గుంపుకు శాస్త్రజ్ఞులు పెట్టిన ‘న్యూడిబ్రాంక్’కు మాటకు మాట అర్థం నగ్నమైన మొప్పలు. ‘నగ్న’ ఇక్కడ పొసగదు, ‘బయటి మొప్పల నత్త’ అంటే చాలు. ఫొటోలో తోక వైపు నారింజ పువ్వులా విచ్చుకున్నవే ఆ మొప్పలు. ముట్టుకుంటే అత్తిపత్తి ఆకులా ముడుచుకుని లోపలికి పోతాయి.

ఇక ‘క్రోమోడోరిస్ క్వాడ్రికలర్’ అనే పేరు. డోరిస్ గ్రీకు పురాణాల్లోని సముద్రపు దేవకన్య, 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ పేరును ఇలాంటి నత్తలకు పెట్టాడు. ‘క్రోమో’ అంటే రంగు, ‘క్వాడ్రికలర్’ అంటే నాలుగు రంగులది. మీరు చెప్పిన మూడింటికి తెలుపు కలిపితే లెక్క సరి. ఇవే చారలున్న దాయాదులు వేరే సముద్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఫొటో ఎక్కడిదో రాయడం గుర్తింపులో సగం పని.

నివాసం, ఆవాసం రెండూ ‘వస్’ ధాతువు నుంచి వచ్చినవే, తప్పేమీ లేదు. అయితే ప్రాణి సహజంగా బతికే పరిసరానికి శాస్త్ర పుస్తకాల్లో ‘ఆవాసం’ కుదురుకుంది, దాన్నే వాడండి. ఫొటో కింది వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘క్రోమోడోరిస్ క్వాడ్రికలర్, గుల్ల లేని సముద్రపు నత్త. ఆవాసం ఎర్ర సముద్రంలోని పగడాల దిబ్బలు.’