ఒడిశా సరిహద్దు జిల్లాల్లో బీమా లేని పిల్లల వైద్యానికి ప్రభుత్వం డబ్బు చెల్లిస్తుందా?

చెల్లిస్తుంది, అయితే పిల్లల పేరున విడిగా కాదు, అర్హత ఉన్న కుటుంబం మొత్తానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఇచ్చే రక్షణలో భాగంగా. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. మహిళలకు అదనంగా మరో 5 లక్షలు ఉంది.

ఖర్చు పన్నుల సొమ్ములోంచి వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు ప్రీమియం కట్టనక్కరలేదు. ఆయుష్మాన్ కుటుంబాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. గోపబంధు పథకం కింద చేర్చిన మిగతా కుటుంబాల భారం రాష్ట్రానిదే. అన్నిటికన్నా మేలైన నిబంధన ఏమిటంటే, సభ్యుల సంఖ్యకు, వయసుకు పరిమితి లేదు. నాలుగో సంతానమని ఏ బిడ్డనూ పక్కన పెట్టరు.

ఉదాహరణకు, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఈ పథకం కార్డున్న కుటుంబంలో పాపకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందనుకుందాం. విశాఖపట్నంలో ఆయుష్మాన్ జాబితాలోని ఆసుపత్రిలో చేర్చినా కార్డు చెల్లుతుంది. ఆ చికిత్స అక్కడ పథకం కింద చేస్తారో లేదో చేర్చకముందే, ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఉద్యోగి అయిన ఆయుష్మాన్ మిత్ర దగ్గర తప్పక అడగాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నంలో బంధువులకు ఆ రాష్ట్ర ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కనుక తమ పిల్లలకూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. ఆ పథకం ఆంధ్రప్రదేశ్ నివాసులకే. ఒడిశాలో ఉండేవారు తమ కార్డులోనే బిడ్డ పేరు చేర్పించుకోవాలి.