ఎరువుల షాపులో తెరుచుకోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్

ప్రశ్న: ఎరువుల షాపుల కోసం సీ షార్ప్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. స్క్రీన్‌లు విన్‌ఫార్మ్స్‌తో చేశాను, నడిపేది మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ 8. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, షాపు సిస్టమ్‌లో మాత్రం డాట్‌నెట్ ఇన్‌స్టాల్ చేయమంటుంది. చేశాక కూడా అదే మెసేజ్. ఒకరిద్దరి దగ్గర ఇంకా విండోస్ 7 ఉంది. ప్రతి షాపుకీ నేనే వెళ్లాలా? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదండీ. మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలో డాట్‌నెట్ 8 కిందే మూడు రకాల రన్‌టైమ్‌లు (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ఫైళ్లు) కనిపిస్తాయి, కౌంటర్ దగ్గర రైతులు నిలబడి ఉండగా షాపాయన ఏది ముందు కనిపిస్తే అది నొక్కేస్తాడు, పాపం ఆయన తప్పేముంది? విన్‌ఫార్మ్స్‌కి కావాల్సింది డెస్క్‌టాప్ రన్‌టైమ్. సరైనదే వేసినా మీ ప్రోగ్రామ్ 32 బిట్‌కి బిల్డ్ అయ్యి, అక్కడ 64 బిట్ రన్‌టైమ్ పడితే మళ్లీ అదే మెసేజ్. మీరేమీ మార్చకపోతే డాట్‌నెట్ 9 ఉన్నా 8కి రాసిన ప్రోగ్రామ్ దాన్ని వాడుకోదు. విండోస్‌తో పాటే వచ్చే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 పాత తరం, వేరే శాఖ, దాన్ని చూసి మోసపోకండి.

ఈ గొడవంతా షాపాయన నెత్తిన ఎందుకు? విజువల్ స్టూడియోలో పబ్లిష్ చేసేటప్పుడు డిప్లాయ్‌మెంట్ మోడ్‌ని సెల్ఫ్ కంటెయిన్డ్‌కి మార్చండి, రన్‌టైమ్ మీ ఫోల్డర్‌లోనే వెళ్లిపోతుంది. సైజు వంద ఎంబీ దాటుతుంది, దాటనివ్వండి, పెన్‌డ్రైవ్‌లో చోటుకేం కొదవ! ట్రిమ్మింగ్‌తో (వాడని కోడ్‌ని తీసేయడంతో) తగ్గిద్దామనుకోకండి, విన్‌ఫార్మ్స్‌కి ఆ సపోర్ట్ లేదు.

కాకపోతే ఒక బాధ్యత మీ మీద పడుతుంది. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ మీ ఫోల్డర్‌లోని కాపీని ముట్టుకోదు, మీరే కొత్త ఎస్‌డీకేతో (బిల్డ్ చేసే టూల్స్‌తో) మళ్లీ బిల్డ్ చేసి పంపాలి. పైగా డాట్‌నెట్ 8కి సపోర్ట్ 2026 నవంబర్ వరకే, కాబట్టి ఇప్పుడే 10కి మారితే 2028 నవంబర్ దాకా నిశ్చింత.

పంపే ముందు విండోస్ శాండ్‌బాక్స్‌లో, అంటే మీ విండోస్‌లోనే తెరుచుకునే ఖాళీ విండోస్‌లో, తెరిచి చూడండి. మీ లాప్‌టాప్‌లో అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి అక్కడ నడవడం లెక్కలోకి రాదు. శాండ్‌బాక్స్ హోమ్ ఎడిషన్‌లో ఉండదు, ప్రో కావాలి.

విండోస్ 7 షాపుల సంగతి వేరు. వాటికి సెల్ఫ్ కంటెయిన్డ్ కూడా దిక్కు కాదు, డాట్‌నెట్ 8 ఆ విండోస్‌ని సపోర్ట్ చేయదు. ఆ ఒకరిద్దరి కోసం ఫ్రేమ్‌వర్క్ 4.8కి ఇంకో బిల్డ్ పెట్టుకుంటారా, సిస్టమ్ మార్చుకోమంటారా మీ ఇష్టం. నేనైతే రెండోదే చెప్తాను.