సా న్నె చాయ్

చిట్టితల్లీ,

నీకు నైరోబీలో ఉద్యోగమొచ్చిందని, ఇంట్లో పనికి మనిషిని కూడా చూసుకున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. కానీ తాగిన గ్లాసు తీసి సింకులో వేయడం రాని పిల్లవి, ఇంకొకరి చేత పని చేయించుకోవడం నీకెవరు నేర్పారే అని బెంగ.

ఆమె జీతం నెలాఖరుకు ఎం-పెసాలో (అక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) పంపు, లెక్క ఉంటుంది. వారానికో రోజు సెలవు, ఏడాదికి 21 పనిదినాలు జీతంతో సెలవు అక్కడి చట్టం, నీ దయ కాదు.

స్వాహిలీలో గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలు. మన ఉదయం 7 వాళ్లకు ఒంటిగంట. 'సా న్నె' అంటే వాళ్ల మాటలో నాలుగు గంటలు, మన లెక్కలో ఉదయం 10. చాయ్ వేళ అదే. ఇద్దరికి ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు పాలు మొదటి నుంచీ కలిపే పెట్టు. ఆ ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి. పొంగు రాగానే దించేస్తే ఆకు సారం దిగదు, సిమ్‌లో ఇంకో ఐదు నిమిషాలుంచు. (పప్పుకైతే విజిల్స్ పెంచు.) చక్కెర డబ్బా బల్ల మీదే ఉండనీ. ఆమె మూడు చెంచాలు వేసుకుంటే అటు చూడకు.

అసలు సంగతి కప్పు. మనవాళ్లు సముద్రాలు దాటినా ఒక అలవాటు మూటగట్టుకుపోతారు: పనిమనిషికి వేరే గ్లాసు. అంచు పోయిందో, సొట్టపడిందో, సింకు పక్కన విడిగా బోర్లించి ఉంటుంది. శుభ్రమంటారు, మాంసం తింటుందంటారు. మన కప్పులన్నీ కడిగేది ఆ చేతులే కదా! ఆమె పోట్లాడదు. ముందు చాయ్ వద్దంటుంది. తర్వాత మాట తగ్గిస్తుంది. గాజు గిన్నె పగిలితే చెప్పకుండా చెత్తలో వేస్తుంది, గ్యాస్ వాసనొచ్చినా మనకెందుకులే అనుకుంటుంది. ఓ సోమవారం అసలు రాదు. అప్పుడు మనవాళ్లు "వీళ్లంతా ఇంతే" అంటారు. ఒకే రకం కప్పులు ఆరు కొను. నీదేదో ఆమెదేదో నీకే తెలియకూడదు. మొదట్లో పిలిచినా కూర్చోదు, చెయ్యి పట్టి లాగకు. రెండు కప్పులూ బల్ల మీద పెట్టి, నువ్వు కూర్చుని తాగు.

ఆమెకు పిల్లలుంటే పెద్దబిడ్డ పేరు ముందు 'మామా' చేర్చి పిలువు, అక్కడ అది మర్యాద. మిగిలిన ఇడ్లీ ఆమెకు భోజనం కాదు. ఉగాలీకి (వాళ్లు అన్నంలా తినే గట్టి ముద్ద) మొక్కజొన్న పిండి రెండు కిలోల ప్యాకెట్ ఇంట్లో ఎప్పుడూ ఉంచు.

ఇంకొకటి, నవ్వకు. జులైలో అక్కడ చలి. వెనక గదిలో ఉండే మనిషైతే 'జీకో', అంటే బొగ్గుల కుంపటి, లోపల పెట్టుకుని తలుపేసుకుంటుంది. పొగ లేదు కదా అనుకుంటారు గానీ, బొగ్గు వదిలే విషవాయువు కంటికి కనపడదు, వాసనా రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మొదటి వారమే రెండు మందపాటి దుప్పట్లు కొనివ్వు. జీకో గుమ్మం బయటే. పడుకునే ముందు ఒకసారి వెళ్లి చూసి రా. ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతాను.

మీ పెద్దమ్మ